రెండు గొట్టాలు... ఒకటే ఊపిరి

1970 జనవరి 11. ఆదివారం. అమెరికాలో సూపర్‌బౌల్ ఫుట్‌బాల్ ఫైనల్. మనకు క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ ఎలాగో వాళ్లకది అలాగ. ఇంటిల్లిపాదీ టీవీల ముందే ఉన్నారు. ఆట మధ్యలో ఓ కారు ప్రకటన వచ్చింది. ఓ కుర్రాడు పాంటియాక్ జీటీవో కారులో వస్తాడు. కార్లోనే కూర్చుని తినే డ్రైవ్-ఇన్ హోటలు ముందు ఆగుతాడు. డ్యాష్‌బోర్డు కింద ఉన్న చిన్న పిడిని లాగుతాడు. అంతే! కారు గొంతు మారిపోతుంది. అప్పటిదాకా గుర్రుమంటున్నది కాస్తా గర్జించడం మొదలెడుతుంది. తనతో పందేనికి ఎవరైనా వస్తారేమోనని చూస్తాడు. ఎవరూ రారు. కారు తిప్పుకుని వెళ్లిపోతాడు.

ఆ ప్రకటన టీవీలో వచ్చింది ఆ ఒక్కసారే! తర్వాత జనరల్ మోటార్స్ పెద్దలు ఆ పిడినే ఆపేయమన్నారు. అప్పటికి ఆ సదుపాయంతో తయారైన కార్లు 233 మాత్రమే. ఇంతకీ ఆ పిడి చేసే పని ఏమిటంటారా? పొగ బయటికెళ్లే దారిలో అడ్డుగా ఉన్న రేకును తప్పించడం. అంతకుమించి ఏమీ లేదు.

పిడి పోయింది కానీ ఆ గొంతు మీద మోజు పోలేదు. యాభై అరవై ఏళ్లనాటి కార్లను షెడ్డులో నిలబెట్టుకుని, వాటి కిందకు దూరి, కొలతలు తీసి, గొట్టాలు వంచి, తమకు నచ్చినట్టుగా జంట ఎగ్జాస్ట్ కట్టుకునేవాళ్లు అమెరికాలో ఇప్పటికీ చాలామందే ఉన్నారు. వాళ్లందరూ శబ్దం కోసమే ఆ పని చేస్తున్నారనుకుంటే పొరపాటే. శబ్దం కోసమే అయితే అంత కష్టం అక్కర్లేదు. ఓ రంపం చాలు!

ఒక్కో సిలిండరూ ఓ మారుతీ!

ముందు ఈ కార్ల సంగతి చూద్దాం. వీటిని ‘మజిల్ కార్లు’ అంటారు. అంటే కండలు తిరిగిన కార్లన్నమాట. మధ్యరకం కారులో పెద్ద కారు ఇంజిన్ పెట్టి, కుర్రకారుకు అందే ధరలో అమ్మడం దీని సూత్రం. 1964లో పాంటియాక్ జీటీవోతో ఈ ఒరవడి ఊపందుకుంది. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టకూడదని అప్పట్లో జనరల్ మోటార్స్ నిబంధన. పాంటియాక్ చీఫ్ ఇంజినీరు జాన్ డెలోరియన్ బృందం దానికో ఉపాయం కనిపెట్టింది. కొత్త కారు అనకుండా, పాత టెంపెస్ట్ లెమాన్ కారుకే అదనపు హంగుల ప్యాకేజీ అని చెప్పి 389 ఘనపు అంగుళాల ఇంజిన్ అమర్చింది. మన లెక్కలో దాదాపు 6.4 లీటర్లు. ఎనిమిది సిలిండర్లు. అంటే ఒక్కో సిలిండరూ సుమారుగా మన మారుతీ 800 మొత్తం ఇంజిన్ అంత! 5 వేలు అమ్ముడైతే చాలనుకుంటే, మొదటి ఏడాదే 32,450 అమ్ముడయ్యాయి. ఆ ప్యాకేజీలో జంట ఎగ్జాస్ట్ కూడా ఉంది.

అయితే ఆ కాలం కార్లన్నిటికీ ఆ భాగ్యం లేదు. అదే మోడల్లో తక్కువ ధర కార్లకు కంపెనీ ఒకే గొట్టం ఇచ్చేది. 1975 మోడళ్ల నుంచి కాలుష్యాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చాక, ఇంజిన్ రెండు వైపుల పొగనూ ఒకే కన్వర్టర్‌లోకి మళ్లించడం మామూలైపోయింది. ఇక అసలు గొట్టాలు తుప్పుపట్టి రాలిపోయిన కార్లకు లెక్కేలేదు. అందుకే సొంతంగా కట్టుకోవడం.

ఎడమ, కుడి, కుడి, ఎడమ...

ఈ కార్ల ఇంజిన్‌ను ‘వీ8’ అంటారు. నాలుగు సిలిండర్లు ఎడమవైపు, నాలుగు కుడివైపు, ఇంగ్లిష్ ‘వీ’ అక్షరంలా ఒరిగి ఉంటాయి. ఇంజిన్ ఒక్క చుట్టు తిరిగితే నాలుగు సిలిండర్లలో ఇంధనం మండుతుంది. నిమిషానికి 2 వేల చుట్లు అంటే సెకనుకు 133 పేలుళ్లు. ప్రతి పేలుడు తర్వాతా వేడివాయువు బయటికి తన్నుకొస్తుంది. మనకు వినపడే చప్పుడు అదే.

మరి వీ8 చప్పుడు మిగతా కార్లలా ‘ర్ర్ర్’మని సాఫీగా ఉండదెందుకు? గొంతులో నీళ్లు పోసుకుని పుక్కిలించినట్టు గుడగుడలాడుతుందెందుకు? సిలిండర్లు పేలే వరస చూస్తే తెలుస్తుంది. పాంటియాక్, షెవ్రోలె వీ8 ఇంజిన్లలో ఆ వరస 1-8-4-3-6-5-7-2. బేసి అంకెలు ఎడమవైపువి, సరి అంకెలు కుడివైపువి. ఇప్పుడు బల్ల మీద రెండు చేతులతో దరువు వేస్తూ పైకి అనండి: ఎడమ, కుడి, కుడి, ఎడమ, కుడి, ఎడమ, ఎడమ, కుడి. చూశారా? ఒకచోట కుడి వెంటనే కుడి, మరోచోట ఎడమ వెంటనే ఎడమ. ఆ తడబాటులాంటి దరువే వీ8 గొంతు!

గొంతుకు అందాన్నిచ్చిన ఆ దరువే గొట్టాలకు తలనొప్పి తెస్తుంది. ఎడమ వెంట ఎడమ పేలినప్పుడు ఆ వైపు గొట్టంలో రద్దీ పెరుగుతుంది. అదే క్షణంలో కుడి గొట్టం దాదాపు ఖాళీ. పక్కపక్కనే రెండు కౌంటర్లుండి, ఒకదాని దగ్గర చాంతాడంత క్యూ, రెండోదాని దగ్గర ఈగలు... అలాగన్నమాట. అందుకే అనుభవమున్నవాళ్లు రెండు గొట్టాలనూ పూర్తిగా విడిగా వదిలేయరు. మధ్యలో ఓ అడ్డ గొట్టంతో కలుపుతారు. చూడ్డానికి ‘హెచ్’ అక్షరంలా ఉంటే హెచ్ పైపు. రెండు గొట్టాలూ ఒకచోట కలిసి విడిపోతే ఎక్స్ పైపు. హెచ్‌తో గొంతు కాస్త గంభీరంగా, ఎక్స్‌తో కాస్త పదునుగా వస్తుంది. ఏది పెట్టినా, నిండిన వైపు ఒత్తిడి ఖాళీగా ఉన్న వైపుకు సర్దుకుంటుంది.

ఆ అడ్డ గొట్టం ఎక్కడ పెట్టాలి? దీనికి పాతకాలపు మెకానిక్‌ల చిట్కా ఒకటుంది. రెండు గొట్టాల పొడవునా మామూలు రంగు పూసి, కారును కాసేపు గట్టిగా తోలాలి. రంగు బాగా కాలిపోయినచోట వేడి, ఒత్తిడి ఎక్కువని గుర్తు. అక్కడ కోసి అతకాలి. కింద గేర్‌బాక్స్ అడ్డం రాకపోతేనే లెండి!

లావు గొట్టం మోజు

కొత్తగా ఈ పనిలోకి దిగేవాళ్లు చేసే మొదటి తప్పు... ఎంత లావు గొట్టమైతే అంత బలం అనుకోవడం. 2 అంగుళాల గొట్టం తీసి రెండున్నర అంగుళాలది వేశారనుకోండి. పెరిగింది అరంగుళమే. కానీ లోపలి దారి సగానికి పైగా పెరుగుతుంది. వీధుల్లో తిరిగే మామూలు వీ8కి సాధారణంగా రెండుంపావు నుంచి రెండున్నర అంగుళాలు సరిపోతుంది. మూడంగుళాలు పందెం ఇంజిన్లకు.

లావైతే నష్టమేమిటి? లారీ వేగంగా వెళ్లిపోతే దాని వెనకాలే ఎండుటాకులు పరిగెత్తడం చూశాం కదా. గొట్టంలోనూ అంతే. ఒక సిలిండరు వదిలిన వాయువు వేగంగా పోతూ, తర్వాతి సిలిండరులోని వాయువును లాగుతుంది. గొట్టం మరీ లావైతే వేగం తగ్గుతుంది. ఆ లాగుడూ తగ్గుతుంది. సిగ్నల్ దగ్గర్నుంచి కదిలేటప్పుడు కారు మందకొడిగా అనిపిస్తుంది. చప్పుడు ఘనం, నడక నీరసం!

రెండో తప్పు వంపుల దగ్గర. మామూలు యంత్రంతో వంచితే మూల దగ్గర గొట్టం నొక్కుకుపోతుంది. లోపల ఊచ పెట్టి వంచే మాండ్రెల్ పద్ధతిలో అయితే వంపులోనూ గొట్టం గుండ్రంగానే ఉంటుంది. లావు గొట్టం కొని వంపుల్లో నొక్కేస్తే డబ్బు దండగే కదా.

ఇక అసలు పని. కారును నేల మీద ఉన్నట్టే చక్రాల మీద బరువుంచి ఎత్తాలి. చక్రాలు వేలాడేట్టు ఎత్తి కొలిస్తే, దింపాక వెనక ఇరుసు పైకొచ్చి గొట్టాన్ని కొడుతుంది. పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు, కారు అడుగు రేకు... వేటికీ గొట్టం తగలకూడదు. కనీసం అంగుళం ఎడముండాలి. బ్రేకు, పెట్రోలు గొట్టాల దగ్గర ఇంకా ఎక్కువ ఉంటే మంచిది. ఇంజిన్ ఊగుతుంది కాబట్టి గొట్టాలను బిగించేయకుండా రబ్బరు కొక్కేలకు వేలాడదీయాలి. ముక్కలను ముందు చుక్కలు చుక్కలుగా అతికించి, అంతా కుదిరిందనుకున్నాకే కిందకు దింపి పూర్తి వెల్డింగ్ చేయాలి. ముందుగా బ్యాటరీ తీగ విప్పడం మరవకూడదు.

లోహం సంగతి కూడా చూడాలి. లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీరు పుడుతుంది! ఆవిరిగా బయటికి పోతుంది కానీ, దగ్గర దగ్గర ప్రయాణాలే చేస్తే గొట్టం వేడెక్కక ఆ నీరు లోపలే నిలుస్తుంది. మామూలు ఇనుము లోపలి నుంచే తుప్పుపడుతుంది. అందుకే అల్యూమినియం పూత ఉన్న ఉక్కు గానీ, స్టెయిన్‌లెస్ స్టీలు గానీ వాడతారు.

ఇంకొకటి అన్నిటికంటే ముఖ్యం. ఈ పాత కార్లకు కన్వర్టర్ లేదు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ దండిగా ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చప్పుడు బాగుందని గొట్టాలను సీటు కిందే ఆపేస్తే, అడుగు రేకులోని చిల్లుల్లోంచి లోపలికొస్తుంది. కారులో కూర్చున్నవాళ్లకు తలనొప్పితో మొదలై ప్రాణం మీదికొస్తుంది. గొట్టాలు మనుషులు కూర్చునే చోటు దాటి వెనక్కో, పక్కకో బయటికి రావాల్సిందే. మూసిన షెడ్డులో ఇంజిన్ నడపకూడనిదీ అందుకే.

మెడకు మఫ్లర్, కారుకు మఫ్లర్

చివరగా సైలెన్సర్. అమెరికావాళ్లు దీన్ని మఫ్లర్ అంటారు. మనకేమో మఫ్లర్ అంటే చలికాలంలో తాతయ్య మెడకు చుట్టుకునేది. పని ఒకటేననుకోండి... గొంతును కాపాడటం! సైలెన్సర్లలో కొన్ని లోపల గదులు గదులుగా ఉండి, శబ్ద తరంగాలను ఒకదానితో ఒకటి ఢీకొట్టించి తగ్గిస్తాయి. కొన్నిటిలో చిల్లుల గొట్టం తిన్నగా పోతుంది. చుట్టూ గాజుపీచు కూరి ఉంటుంది. ఎంచుకోవడానికి తేలికైన పరీక్ష... హైవే మీద గంటసేపు నడిపాక కూడా పక్కసీట్లోవాళ్లతో మామూలుగా మాట్లాడగలగాలి. వీధిలోవాళ్ల నిద్ర సంగతి సరేసరి. కాలిఫోర్నియాలో అయితే ఎగ్జాస్ట్ మార్పించిన కార్ల శబ్దం 95 డెసిబెల్స్ దాటకూడదని చట్టమే ఉంది.

ఈ కార్లన్నీ ఒకచోట చేరే తిరునాళ్ల కూడా ఉంది. డెట్రాయిట్ శివార్లలోని వుడ్‌వర్డ్ అవెన్యూలో 1995 నుంచి ఆగస్టులో ‘డ్రీమ్ క్రూయిజ్’ జరుగుతోంది. ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానానికి డబ్బు పోగుచేయడానికి మొదలుపెట్టారు. ఇప్పుడు లక్షలమంది రోడ్డు పక్కన మడతకుర్చీలు వేసుకుని చూస్తారు. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేసే మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. మీవాళ్లు ఎవరైనా అక్కడుంటే అడిగి చూడండి. కళ్లు మూసుకుని విన్నా అది వీ8 అని తెలిసిపోతుందంటారు.

ఇదంతా మనకెందుకంటారా? మన వీధుల్లోనూ సైలెన్సర్లు మారుతున్నాయి కదా. కొత్త బుల్లెట్ కొన్న నాలుగో రోజే సైలెన్సర్‌లోని రేకులు పీకించేసే కుర్రాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ‘పికప్ పెరుగుతుంది నాన్నా’ అని చెబితే డబ్బులిచ్చే తండ్రులూ ఉన్నారు. పోలీసులు అలాంటి సైలెన్సర్లను గుట్టపోసి రోడ్డు రోలరుతో తొక్కించడం టీవీల్లో చూస్తూనే ఉన్నాం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం శబ్దకాలుష్యానికి 10 వేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు పడొచ్చు.

జరిమానా సంగతి అలా ఉంచితే... రేకులు పీకినంత మాత్రాన పికప్ రాదు. అక్కడెక్కడో డెట్రాయిట్‌లో ఓ పెద్దాయన నెలల తరబడి కొలిచి, వంచి, అతికి తన పాత కారుకు కట్టేది చప్పుడు కాదు... ఊపిరి. ఇంజిన్ హాయిగా ఊపిరి వదిలితే మంచి గొంతు దానంతటదే వస్తుంది. గొంతు మాత్రమే కావాలనుకుంటే ఊపిరి పోతుంది. ఈసారి మీ అబ్బాయి సైలెన్సర్ మారుస్తానని అడిగితే, ముందు బల్ల మీద ఆ దరువు వేసి చూపించండి. ఎడమ, కుడి, కుడి, ఎడమ... అది ఎందుకలా వస్తుందో చెప్పమనండి. చెప్పగలిగితే అప్పుడు మాట్లాడుకోవచ్చు!