ముల్లే కదా అనుకుంటే...

చెప్పుల్లేని కాలికి పొలంలో ముల్లు గుచ్చుకోవడం పల్లెల్లో ఎవరూ లెక్కచేయని సంగతి. ఆ గాయంలోంచి మట్టిలోని శిలీంధ్రమో బ్యాక్టీరియానో చర్మం కిందికి చేరితే, నెలలో ఏళ్లో గడిచాక నొప్పిలేని గడ్డగా బయటపడుతుంది. నొప్పి లేకపోవడమే అసలు ముప్పు. వాపు పెరిగి, రంధ్రాలు పడి, చీము కారుతూ, ఎముక దెబ్బతినే దాకా చాలామంది ఆసుపత్రి గడప తొక్కరు. ఇదే మైసెటోమా. 1842లో మదురైలో గుర్తించినందున మదురా పాదం అనీ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని 2016లో నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

చీములో వచ్చే సన్నని రేణువులే కీలక ఆధారం. నల్లగా ఉంటే సాధారణంగా శిలీంధ్రమే. తెల్లగానో పసుపుగానో ఉంటే బ్యాక్టీరియా కూడా కావచ్చు. బయాప్సీ, కల్చర్ లేకుండా మందు రాయడం చీకట్లో బాణం వేయడమే. బ్యాక్టీరియా రకం యాంటీబయాటిక్స్‌కు బాగా లొంగుతుంది. శిలీంధ్ర రకానికి ఇట్రాకొనజోల్ వంటి మందులు ఏడాదో, అంతకంటే ఎక్కువో వాడాలి. తరచూ శస్త్రచికిత్సా తప్పదు. ఆలస్యమైతే కాలే తీసేయాల్సి రావచ్చు.

రెక్కాడితేగాని డొక్కాడని కూలీ అన్నాళ్లు మందులు కొనగలడా? జిల్లా ఆసుపత్రుల్లోనే శిలీంధ్ర పరీక్షలు జరగాలి. మందులు పూర్తికాలం ఉచితంగా అందాలి. ఆశా కార్యకర్తలకు ఈ గడ్డను గుర్తుపట్టడం నేర్పాలి. ప్రభుత్వాలు ఆ పని వెంటనే మొదలుపెట్టాలి.