గెడ పట్టిన చేతికి చార్టు

సాయంత్రం తాడేపల్లిగూడెంలో పాసింజరెక్కి ఏలూరు వెళ్లి, ఓడ కొలువు చేసొచ్చిన ఒక పెద్దాయన దగ్గర తెరచాప పడవల నావిగేషన్ నేర్చుకుంటున్నానంటే "సముద్రమెక్కడ, నువ్వెక్కడ?" అని నవ్వుతున్నారు. ఉప్పుటేరు చివర ఉన్నది సముద్రం కాదా?

పాఠం బల్ల మీదే. ధ్రువనక్షత్రం ఎన్ని డిగ్రీల ఎత్తున కనబడితే మన అక్షాంశం దాదాపు అంత. ఏలూరులో 16.7. అక్షాంశంలో ఒక్క నిమిషం ఒక నాటికల్ మైలు, 1,852 మీటర్లు. పదో తరగతి లెక్కలు చాలు. తాటిదోనెకి గెడ వేసే మా పెదనాన్న ఆ చుక్కని చూసే ఇల్లు చేరేవాడు. ఆయనది అలవాటట, కాగితం మీద రాస్తే శాస్త్రమట!

కొల్లేట్లో బతుకుల్ని మార్చింది ఒక గీత. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యమన్నారు. 2006లో దాని లోపలి చేపల చెరువులు పగలగొట్టారు. ఆ గీత ఏ గట్టు మీదుగా పోతుందో మ్యాపులో వేలు పెట్టి చూపగలిగేవాళ్లు మన పేటల్లో ఎందరు? చార్టులో ఉండేవీ అలాంటి గీతలే, కాకపోతే నీటి లోతులవి.

ఈ సాయంత్రం క్లాసులు తెలుగులో, ఫీజు లేకుండా, సంక్షేమ హాస్టళ్లలోనే పెట్టాలి. పాత చార్టు, దిక్సూచి, స్కేలు, పెన్సిలు చాలు. పడవ సంగతి తర్వాత.