స్క్రీన్ నల్లగా ఉంటే మనం చేతులు కట్టుకుని నిలబడాలా?

కొంచెం పెద్ద పోస్టే, ఓపిక పట్టి చదవండి.

మేము కోరుకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. రంపచోడవరం, మారేడుమిల్లి, అడ్డతీగల వైపు నుంచి వచ్చినోళ్లమే. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. హాస్టల్ మొత్తానికి ఒకటే కంప్యూటర్. వానాకాలంలో ఒకరోజు ఆన్ చేస్తే సీపీయూలో ఫ్యాన్ తిరుగుతోంది, మానిటర్ మాత్రం నల్లగానే ఉంది. "ఎవరో నొక్కకూడనిది నొక్కారు" అన్నారు. అంతే, దుప్పటి కప్పేశారు. నలభై రోజులు అలాగే ఉంది. టైపింగ్ నేర్చుకునేవాళ్లు, ప్రాజెక్టు ఉన్నవాళ్లు రాజమండ్రి వెళ్లి నెట్ సెంటర్లో గంటకింత అని కట్టారు. బస్సు ఛార్జీలు వేరే.

చివరికి ఏమైందో తెలుసా? వెనకాల వీజీఏ కేబుల్ వదులైంది. రెండు స్క్రూలు చేత్తో బిగిస్తే బొమ్మ వచ్చేసింది. సంతోషం కన్నా సిగ్గే ఎక్కువేసింది.

ఇంటి దగ్గర బండి పాడైతే మనమే విప్పుతాం. కంప్యూటర్ దగ్గర మాత్రం చేతులు వెనక్కెళ్తాయి. బడిలో ఉన్నప్పటి నుంచి "ముట్టుకోకండి, పాడవుద్ది" అన్న మాటే విన్నాం మరి. మా లెక్కలో అసలు పాడైంది ఇదే.

ముందు మానిటర్ లైటు చూడండి. అసలు వెలగకపోతే ప్లగ్గు, స్విచ్, పవర్ కేబుల్ చూడాలి. ఆరెంజ్ రంగులో ఉన్నా, మిణుకుమంటున్నా చాలా మానిటర్లలో దానర్థం కరెంటు ఉంది, సిగ్నల్ రావట్లేదని. "నో సిగ్నల్" అని అక్షరాలు కనబడ్డాయంటే మానిటర్ బతికే ఉంది, కొత్తది కొనమంటే తొందరపడొద్దు. కేబుల్ రెండు చివర్లూ తీసి పిన్నులు వంగాయేమో చూడండి (వీజీఏలో 15 చోట్లుంటాయి, కొన్నింటిలో ఒక పిన్ను లేకపోవడం మామూలే, కంగారు పడకండి). మానిటర్ బటన్లతో ఇన్‌పుట్ వీజీఏనా, హెచ్‌డీఎంఐనా చూసుకోండి. ఫోన్ టార్చి ఏటవాలుగా వేస్తే లీలగా బొమ్మ కనబడిందా, పోయింది బ్యాక్‌లైట్.

ఇంకా రాకపోతే ర్యామ్. ప్లగ్గు పీకేసి, సీపీయూ ఇనుప రేకు ఒకసారి ముట్టుకుని, ర్యామ్ తీసి, బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, క్లిప్పు టక్‌మనేదాకా నొక్కండి. మానిటర్ వెనక మూత, పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకినా లోపల కరెంటు నిలవుంటుంది.

ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకని కొందరు అన్నలు అంటారు. ఫోన్లో టైపింగ్ టెస్టుకి ప్రాక్టీస్ అవుద్దా అన్నా?

అలాగని బాధ్యతంతా మన నెత్తిన వేసుకోమని కాదు. కాలిపోయిన సామాను మార్చాల్సింది హాస్టల్ నడిపేవాళ్లే. కానీ "కంప్యూటర్ పనిచేయట్లేదు సార్" అని రాసిన కాగితం ఏ మూలనో పడుంటుంది. "లైటు ఆరెంజ్‌లో ఉంది, కేబుల్ మార్చి చూశాం, మానిటర్ ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే బొమ్మ వచ్చింది, లోపం సీపీయూలోనే" అని రాసి, తేదీ వేసి, అందరం సంతకాలు పెడితే పక్కన పడెయ్యడం అంత తేలిక కాదు.

మీ హాస్టల్లోనూ దుప్పటి కప్పిన కంప్యూటర్ ఉంటే ఈ రాత్రికి తీసి ఆన్ చేయండి. లైటు ఏ రంగులో ఉందో కింద రాయండి, కలిసి చూద్దాం.