ఉద్దానం సంబంధమా, వద్దు!

గరివిడి వైపు పెళ్లిమాటల్లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పేరు వినబడితే పెద్దలు పెదవి విరుస్తారు. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, ఏ ఊరైనా తీర్పు ఒకటే: "కిడ్నీ జబ్బు ఆళ్ళ రక్తంలోనే ఉంది, మనకెందుకు?" చదువుకున్నవాళ్లు కొంచెం గంభీరంగా 'జీన్స్' అంటారు.

ఎవరి రక్తం? 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేదాకా గరివిడి ఉన్న మన చీపురుపల్లి ప్రాంతం కూడా శ్రీకాకుళం జిల్లాలోదే. పిల్లనివ్వడం, తెచ్చుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. గరివిడిలో రైలెక్కి సోంపేటలో దిగేలోపు ఏ స్టేషన్ దగ్గర రక్తం మారిపోతుందో ఈ పెద్దలే చెప్పాలి.

జన్యువులకు ఇందులో పాత్రే లేదని నేననను. కిడ్నీల నిండా నీటితిత్తులు పెరిగే జబ్బు అచ్చంగా వంశపారంపర్యమే. తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఉద్దానం జబ్బు ఆ బాపతు కాదు. అక్కడి రోగుల్లో చాలామందికి షుగరుండదు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. చడీచప్పుడూ లేకుండా, కిడ్నీలు దెబ్బతిన్న గుర్తుగా రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంది. 2019లో వెలువడిన ఒక సర్వే ప్రకారం అక్కడి పెద్దవాళ్లలో దాదాపు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉంది. వాళ్లలో ఎక్కువమంది విషయంలో కారణం దొరకలేదు.

"ఒకే ఇంట్లో ముగ్గురికొచ్చింది, వంశం కాకపోతే ఏమిటి?" అంటారు. బాల్కన్ దేశాల్లో డాన్యూబ్ ఉపనదుల ఒడ్డు పల్లెల్లోనూ ఇలాగే ఇళ్లకిళ్లే కిడ్నీలు పోగొట్టుకున్నాయి. దశాబ్దాలపాటు వంశదోషమనీ, వైరస్ అనీ వెతికారు. బయటినుంచి వచ్చి స్థిరపడినవాళ్లకూ కొన్నేళ్లకు అదే జబ్బు వచ్చింది. చివరికి దొరికిన ముద్దాయి గోధుమ చేలల్లో పెరిగే ఒక కలుపుమొక్క. దాని గింజలు గోధుమలతో కలిసి పిండిలోకి పోయేవి. అందులోని అరిస్టలోకిక్ ఆమ్లం ఆనవాళ్లు రోగుల కిడ్నీల్లోనే ఉన్నాయని 2007లో శాస్త్రవేత్త గ్రోల్‌మన్ బృందం చూపింది. ఇంటిల్లిపాదీ తిన్నది ఒకే రొట్టె కదా!

అక్కడా అందరికీ రాలేదు. జన్యువుల్లోని తేడాలు పనిచేసేది ఇక్కడే అయివుండొచ్చు. ఉదాహరణకు, పశ్చిమ ఆఫ్రికా మూలాలున్నవారిలో అపోల్1 జన్యువులోని మార్పుల సంగతి 2010లో బయటపడింది. నిద్రజబ్బు పరాన్నజీవిని ఎదుర్కొనే మార్పులవి. తల్లి నుంచీ తండ్రి నుంచీ మార్పున్న రెండు ప్రతులూ వస్తే కిడ్నీ ముప్పు బాగా పెరుగుతుంది. అయినా ఆ రెండూ ఉన్నవారిలో ఎక్కువమంది కిడ్నీ జబ్బు లేకుండానే బతికేస్తారు. హెచ్ఐవీ లాంటి మరో దెబ్బ తోడైతే కథ మారుతుంది.

ఇంకో చిక్కుంది, దీన్ని మాత్రం చాలామంది పట్టించుకోరు. ఊరంతా ఒకే నీళ్లు తాగి, ఒకే ఎండలో పనిచేస్తుంటే, జబ్బుపడ్డవాడికీ పడనివాడికీ మధ్య మిగిలే తేడా జన్యువే. అప్పుడు ఏ పరిశోధకుడు వెతికినా జన్యువే కనబడుతుంది. అసలు కారణం అందరిలోనూ సమానంగా ఉండి లెక్కకే అందదు. అది కనబడాలంటే ఆ ఊరినీ ఈ ఊరినీ పక్కపక్కన పెట్టాలి. నీరు, ఎండదెబ్బ, పురుగుమందులు, నొప్పిబిళ్లలు, వీటిలో దేనికెంత వాటా అన్నది ఉద్దానంలో ఇంకా తేలాల్సిన లెక్క. జన్యువని తేల్చేస్తే ఆ లెక్క అడిగేవాడుండడు. రక్తానిదే తప్పయితే నీళ్లిచ్చే బాధ్యత ఎవరికుంటుంది?

"తాతల కాలంలో ఈ జబ్బు లేదుగా, జన్యువెలా అవుతుంది?" అని నా పక్షాన వాదించేవాళ్లూ ఉన్నారు. ఆ వాదన నాకొద్దు. తాతలకు క్రియాటినిన్ పరీక్ష చేసిందెవరు?

కుటుంబ చరిత్ర పనికొచ్చే చోటు వేరే ఉంది. అన్నకు జబ్బు తేలితే తమ్ముడికి రక్తం, మూత్రం పరీక్ష చేయించాలి. చెల్లెలు కిడ్నీ ఇస్తానంటే ముందు ఆమె కిడ్నీల సంగతి గట్టిగా చూడాలి. పెళ్లిచూపులకు అంత భయమైతే ఇద్దరి రిపోర్టులూ అడగండి, గరివిడి అబ్బాయిది కూడా.