బకాయి సర్కారుది, తాకట్టు మన సర్టిఫికెట్లు

డిగ్రీ అయిపోయింది. పీజీలో సీటొచ్చింది. చేరాలంటే టీసీ, మెమోలు కావాలి. కాలేజీ ఆఫీసుకు వెళ్తే వినపడే మాట ఒకటే: "నీ ఆర్టీఎఫ్ ఇంకా పడలె. ఫీజు కట్టి సర్టిఫికెట్లు తీస్కపో. గవర్నమెంటు ఇచ్చినంక వాపస్ ఇస్తం." మాలో చాలామందిమి ఆ కిటికీ ముందు నిలబడి వచ్చినవాళ్లమే.

ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ఎవరో దయతలచి ఇస్తున్నది కాదు. అంబేద్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఉన్న కాలంలో, 1944లో మొదలైన హక్కు ఇది. 2020 డిసెంబరులో కేంద్ర కేబినెట్ దీనికి ఐదేళ్లకుగాను 59,048 కోట్ల రూపాయలు ఆమోదించింది. అందులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రాలది. కానీ రాష్ట్రం తన వాటా ముందు విడుదల చేస్తేనే కేంద్ర వాటా విద్యార్థి ఖాతాలో పడుతుంది. రాష్ట్రం జాప్యం చేస్తే రెండూ ఆగుతాయి. కాలేజీ మాత్రం ఆగదు. విద్యార్థిని పట్టుకుంటుంది.

తెలంగాణలో 2025 నవంబరులో ప్రైవేటు యాజమాన్యాలు బకాయిల కోసం కాలేజీలు బంద్ పెట్టాయి. సర్కారు చర్చలకు పిలిచింది. యాజమాన్యాలకు మూయడానికి కాలేజీలున్నాయి. కూలికెళ్లే తల్లిదండ్రుల పిల్లలకు ఏముంది? ఆంధ్రప్రదేశ్‌లోనైతే 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారికి రీయింబర్స్‌మెంటే ఎత్తేసింది.

చిన్న మొత్తమే కదా అంటారు. ఐఐటీ ధన్‌బాద్‌లో సీటొచ్చిన ఒక దళిత కూలీ కొడుకు 17,500 రూపాయలు గడువులోగా కట్టలేక సీటు పోగొట్టుకున్నాడు. 2024 సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు 142వ అధికరణం కింద ఆ సీటు తిరిగి ఇప్పించింది. ఢిల్లీ దాకా వెళ్లలేని వాళ్ల సీట్ల లెక్క ఎవరు రాస్తారు?

ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకోవద్దని 2018లోనే యూజీసీ విద్యాసంస్థలను ఆదేశించింది. అది అమలైతే సగం గోస తీరుతుంది. మేము అడిగేవి మూడు. బకాయి పేరుతో సర్టిఫికెట్లు ఆపిన కాలేజీపై చర్య తీసుకోవాలి. జీతాలు, పింఛన్ల లాగే స్కాలర్‌షిప్‌కూ విడుదల తేదీ ఉండాలి. ఏ కాలేజీకి ఎంత బకాయి ఉందో ప్రతి నెలా బయటపెట్టాలి.

ఫీజు బకాయి సర్కారుకూ యాజమాన్యానికీ మధ్య ఉన్న లెక్క. ఆ లెక్క తేలేదాకా మన చదువును తాకట్టు పెట్టుకునే హక్కు ఎవరికీ లేదు.