రాబందుకు కానుకా?



పోయిన వేసవి వి.బి.ఎస్.లో నోవహు ఓడ పాఠం చెప్పాము. పిల్లలు అట్టముక్కల మీద జంతువుల బొమ్మలు వేసి, రంగులద్ది, జంటలు జంటలుగా గోడకు అంటించారు. ఏనుగులు, సింహాలు, జిరాఫీలు అయ్యాక ఒక పిల్లవాడు బోడితల, వంకరముక్కు పక్షి బొమ్మ పట్టుకొచ్చి "అయ్యగారూ, రాబందు కూడా ఓడ ఎక్కిందా?" అనడిగాడు. ఎక్కిందన్నాము. "మరి దిగి ఎటు పోయింది? నేనెప్పుడూ చూళ్ళేదు" అన్నాడు.

గబుక్కున జవాబు చెప్పలేకపోయాము. మా చిన్నతనంలో మునేటి ఒడ్డున చచ్చిన గొడ్డును పడేస్తే, కాసేపటికి తాటిచెట్ల మీద ఇవి వరుసగా వాలి ఉండేవి. సాయంత్రానికి ఎముకలే మిగిలేవి. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా ఈ మెట్టలో మేము రాబందును చూసి ముప్పై ఏళ్ళు దాటింది. అవి లేవన్న సంగతి కూడా, ఆ పిల్లవాడు అడిగేదాకా మా మనసుకు తట్టలేదు.

ఆ సాయంత్రం ఎవరు మొదలుపెట్టారో గాని, ఒక ఖాళీ హార్లిక్స్ సీసా వచ్చింది. మూతకు గాటు పెట్టి, మీద "రాబందు" అని స్కెచ్ పెన్నుతో రాశారు. పాత నోటుపుస్తకాలు అమ్మారు. ఆరాధన అయ్యాక చర్చి ముందర గ్లాసు ఐదు రూపాయలకు నిమ్మకాయ నీళ్ళు అమ్మారు. మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళిన ఒక తల్లి పది రూపాయలు వేసింది. మొన్న లెక్కపెడితే 2,340 రూపాయలు తేలాయి.

అప్పుడు మొదలైంది మాట. సంఘ పెద్దల్లో ఒకాయన, మాకు తండ్రిలాంటివారు, ఆరాధన తర్వాత పక్కకు పిలిచి అడిగారు: "అయ్యగారూ, చర్చి రేకులు కారుతున్నాయి. విధవరాండ్రు మందులకు డబ్బుల్లేక అల్లాడుతున్నారు. రాబందుకు కానుకా? అదీ శవాలు తినే పక్షికా?"

ఆయన మాటలో న్యాయం లేదని మేము అనము. రేకులు నిజంగానే కారుతున్నాయి. కానీ ఆ సీసాలో డబ్బు కానుక పెట్టెలోంచి తీసింది కాదు. పిల్లలు తమ సొంత ఎండలో నిలబడి సంపాదించింది. మేము ఎక్కువగా ఆలోచించింది మాత్రం ఆయన రెండో మాట గురించి.

లేవీయకాండము 11వ అధ్యాయంలో తినకూడని పక్షుల జాబితా ఉంది, నిజమే. తినవద్దని చెప్పిన దేవుడు వాటిని తుడిచిపెట్టమని ఎక్కడా చెప్పలేదు. ఆదికాండము 7లో పవిత్రమైనవాటితో పాటు అపవిత్రమైనవీ ఓడ ఎక్కాయి. 9వ అధ్యాయంలో వాన వెలిసాక దేవుడు చేసిన నిబంధన నోవహు కుటుంబంతో మాత్రమే కాదు, ఓడ దిగిన ప్రతి జీవితో. యోనా గ్రంథం చివరి వచనంలో నీనెవె మనుషులతో పాటు అక్కడి పశువులనూ దేవుడు లెక్కలో వేశాడు.

ఇంకో మాట చెప్పాలి. మనలో చాలామంది తాతలు ఒకప్పుడు చచ్చిన గొడ్లను ఈడ్చి, తోలు ఒలిచినవాళ్ళే. తోలు తీసుకుని వీళ్ళు పక్కకు జరిగితే మిగిలిన పని రాబందులు చేసేవి. ఊరు రోగాన పడకుండా ఇద్దరూ కాశారు. ఊరు మాత్రం ఇద్దరినీ ఒకే చూపు చూసింది, దూరంగా ఉండమంది. ఆ చూపు ఎలా ఉంటుందో మన ఇళ్ళలో ఎవరికీ వివరించక్కర్లేదు. అలాంటిది "శవాలు తినే పక్షి" అన్న మాట మన నోట ఆ స్వరంతో వస్తే మాకు మనసు చివుక్కుమంది. ఆ పెద్దాయనకు ఈ మాట చెప్పాము. ఆయన కాసేపు ఏమీ అనలేదు.

ఇక రాబందులు ఎటు పోయాయన్న ప్రశ్న. 1990ల నుంచి మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి తొంభైతొమ్మిదికి పైగా చచ్చిపోయాయి. ఎవరూ వేటాడలేదు. పశువుకు నొప్పి, జ్వరం తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ అనే ఇంజెక్షన్ వాటిని చంపింది. ఆ సూది వేయించుకున్న పశువు రెండు మూడు రోజుల్లో చనిపోతే, దాని మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చస్తుంది. పాకిస్తాన్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు 2004లో ఈ సంగతి రుజువు చేశారు. నూరు కళేబరాల్లో ఒక్కదానిలో మందు ఉన్నా వాటి సంతతి కూలిపోవడానికి సరిపోతుందట. రాబందుల జంట ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. అందుకే పోయినంత వేగంగా తిరిగి రావు.

మన ప్రభుత్వం 2006లో పశువులకు ఆ మందును నిషేధించింది. అయినా మనుషులకని అమ్మే పెద్ద సీసాలు కొని గొడ్లకు పొడుస్తూనే ఉన్నారు. అందుకని 2015లో ఆ ఇంజెక్షన్‌ను 3 మి.లీ. ఒక్క మోతాదుకే పరిమితం చేశారు. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లను కూడా పశువులకు నిషేధించారు. రాబందుకు హాని చేయని మెలాక్సికామ్ అనే మందు దొరుకుతుంది. అదే పని చేస్తుంది.

మనుషులకే దిక్కులేదు, పక్షులకెందుకు అనేవారికి ఒక లెక్క. రాబందులు పోయాక కళేబరాలు కుళ్ళాయి, నీళ్ళు చెడ్డాయి, కుక్కలు పెరిగాయి, వాటితో పాటు పిచ్చికుక్క కాట్లూ పెరిగాయి. ఈ కారణాన 2000, 2005 మధ్య మన దేశంలో దాదాపు ఐదు లక్షలమంది అదనంగా చనిపోయి ఉంటారని ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో ప్రచురించిన పరిశోధనలో అంచనా కట్టారు. ఆ విధవరాండ్రలో ఎవరి భర్త ఆ లెక్కలో ఉన్నాడో మనకేం తెలుసు?

2,340 రూపాయలతో ఏమవుతుందని కూడా కొందరు నవ్వారు. 1987లో స్వీడన్ దేశంలో ఫాగర్‌విక్ అనే చోట ఒక చిన్న బడి పిల్లలు, కోస్టారికా అడవులు నరికేస్తున్నారని విని, టీచరు ఏహా కెర్న్ తోడుతో నాటకాలు ఆడి, తినుబండారాలు అమ్మి డబ్బు కూడబెట్టారు. దానితో మొదట కొన్నది పదిహేను ఎకరాల అడవి. తర్వాత నలభైకి పైగా దేశాల పిల్లలు కలిశారు. ఇవాళ మాంటెవెర్డే దగ్గర పిల్లల పేరు మీదనే ఉన్న ఆ అడవి యాభై వేల ఎకరాలు దాటింది. చిరుతల జాతివి, అరుదైన పక్షులు అందులో బతుకుతున్నాయి. అన్నీ దక్కలేదు సుమా. ఆ కొండల్లోనే ఉండే బంగారు రంగు కప్ప 1989 తర్వాత మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులో జంతువులను దత్తత తీసుకునే పథకం ఉంది. పుట్టినరోజు కేకు మానేసి ఆ డబ్బు అక్కడ కట్టిన పిల్లలు ఉన్నారు. మంచిదే. కొన్నిచోట్ల తండ్రి చెక్కు రాసి, పిల్లవాడి చేతికిచ్చి ఫొటో తీయించడం కూడా జరుగుతుంది. అది తండ్రి కానుక, పిల్లవాడిది కాదు. మన పిల్లల సీసాలో ఎవరూ ఐదువందల నోటు వేయవద్దని మేము అడిగింది అందుకే. కొందరు నొచ్చుకున్నారు, క్షమించాలి.

ఇప్పుడు మా ఇంటి సంగతి. నాలుగేళ్ళ క్రితం మా గేదెకు పొదుగు వాచి జ్వరం వచ్చింది. తెలిసినాయన ఎవరో వచ్చి సూది వేశాడు. మూడోరోజు గేదె చనిపోయింది. ట్రాక్టరుకు కట్టి ఊరి బయట పడేయించాము. ఆ సూది ఏమిటని మేము అడగలేదు. పాలు పోయాయన్న బాధలో ఉన్నాము. పిల్లలు సీసా తెచ్చి మా బల్ల మీద పెట్టిన రోజు మాకు ఆ గేదె గుర్తొచ్చింది. పిల్లలు రూపాయి రూపాయి కూడబెట్టి రాబందును బతికించాలని చూస్తున్నారు. మనం అడగని ఒక్క ప్రశ్న దాన్ని చంపుతూ ఉండవచ్చు. అటువంటప్పుడు పిల్లల డబ్బు మీద తీర్పు చెప్పే స్థానంలో మనం లేమని మా అభిప్రాయం.

గేదెలు, మేకలు ఉన్న ప్రతి ఇంటివారికి మనవి. సూది వేసేవారిని "ఏం మందండీ?" అని అడగండి. డైక్లోఫెనాక్ అంటే వద్దనండి. మెలాక్సికామ్ ఉందా అనండి. దీనికి కానుక అక్కర్లేదు. చదువు రానివాళ్ళు ఖాళీ సీసా పారేయకుండా ఆదివారం తెస్తే పిల్లలు చదివి చెబుతారు. ఆ పెద్దాయన పోయిన వారమే మూడు సీసాలు జేబులో వేసుకొచ్చారు. ఒకదాని మీద పేరు చెరిగిపోయింది. మిగతా రెండింటిలో ఒకటి అదే మందు.

రాబందులు పూర్తిగా పోలేదు. తెలంగాణలో బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందులు 2013లో కనబడ్డాయి. నెహ్రూ జూలో రాబందులను పెంచి పిల్లలు చేయించే కేంద్రం ఉంది. సీసాలో డబ్బు అక్కడికే ఇవ్వాలని పిల్లలు ఓటు వేసుకున్నారు. దసరా సెలవుల్లో నలుగురు పిల్లలను తీసుకెళ్ళి వాళ్ళ చేతులతోనే కట్టిస్తాము. బస్సు ఛార్జీలు ఆ డబ్బులోంచి తీయము. ఎవరైనా భరించదలిస్తే అమ్మగారికి చెప్పండి. రేకుల పని కోసం విడిగా పుస్తకం పెట్టాము, మొదటి పేరు ఆ పెద్దాయనదే.

ప్రభువు మిమ్మును మీ ఇంటివారిని దీవించును గాక. ఆమేన్.