బెల్టు మార్చిన తేదీ అడగండి

అనకాపల్లి నుంచి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి రోగిని తీసుకెళ్తున్న పాత కారు లంకెలపాలెం దగ్గర టైమింగ్ బెల్టు తెగి ఉన్నట్టుండి ఆగిపోతే, ఆ నష్టం డబ్బుతో తీరేది కాదు. ఇండికా డీజిల్, శాంట్రో, డస్టర్ డీజిల్ వంటి కార్లలో పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ నుంచి, వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్‌ను తిప్పేది ఈ రబ్బరు బెల్టే. క్రాంక్ 2 చుట్లు తిరిగితే కామ్ 1 చుట్టు తిరగాలి. బెల్టు తెగి ఆ లెక్క తప్పితే, చాలా ఇంజన్లలో పైకొచ్చే పిస్టన్ తెరిచి ఉన్న వాల్వులను కొట్టి వంచేస్తుంది. బెల్టు ఖర్చుతో పోయేది ఇంజన్ హెడ్ విప్పేదాకా వస్తుంది. రబ్బరుకు కిలోమీటర్లే కాదు, ఏళ్లూ లెక్కే. షెడ్డులో నిలిపి ఉంచిన కారు బెల్టూ పాతబడుతుంది. ఆయిల్ సీలు కారినా, బెల్టును బిగించి ఉంచే టెన్షనర్ బేరింగు పట్టేసినా బెల్టు మార్చాల్సిన గడువుకు ముందే తెగొచ్చు. అందుకే టెన్షనర్, ఐడ్లర్, బెల్టుతో తిరిగేదైతే వాటర్ పంపు కూడా ఒకేసారి మార్పించాలి. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించే తనిఖీలో కవరు విప్పి బెల్టు చూడరు. కాబట్టి పాత కారు అమ్మేవారు బెల్టు మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు బిల్లుతో సహా చూపాలి. చూపలేకపోతే, కొన్నవారు సీటు కవర్లకూ మ్యూజిక్ సిస్టమ్‌కూ ముందు బెల్టుకే డబ్బు పెట్టాలి.